కట్టు కింద కాలు

"మిషన్లేవే?"

మేడమెట్లు ఎక్కుతూనే అరిచాడు దుర్భిణి దొర.

కొన్ని రోజులుగా మూసి ఉన్న కింద దుకాణం షట్టరు పొద్దున్నే సగం లేచి ఉంటే వంగి లోపలికి చూశాడు. భార్య కుట్టు మిషన్లు లేవు. గుడ్డ కోసే పొడుగు బల్ల లేదు. పందెపు గుర్రాలెక్కే జాకీలు తొడుక్కునే రంగురంగుల చొక్కాలు గోడ నిండా వేలాడుతుండేవి, అవీ లేవు. నేలమీద దారప్పోగులు, ఒక విరిగిన సూది. అంతే మిగిలింది.

ఆమె పొయ్యి దగ్గర్నుంచి తిరగలేదు. టీ పొంగుతుంటే మంట తగ్గించింది.

"నిన్నేనే! చెవుడొచ్చిందా? మిషన్లేమయ్యాయి?"

"ఎక్కడికీ పోలేదు. ఉన్నాయి."

"ఎక్కడ?"

"కొనుక్కున్నవాళ్ళ దగ్గర."

గోడవార చెక్కపెట్టె మీద కూర్చున్న ఆమె తమ్ముడు గ్లాసులోకి చూస్తూ ఉండిపోయాడు. రేసు మైదానంలో గుర్రాలకి లాడాలు కొట్టడం అతని పని. తోలు గుడ్డ నడుముకి కట్టుకునే వచ్చాడు. సోఫాలు అమ్ముడుపోయినప్పట్నుంచి ఈ ఇంటికి ఎవరొచ్చినా ఆ చెక్కపెట్టే సింహాసనం.

"నువ్వు చెప్పరా," దొర అతని మీదికి తిరిగాడు. "నీకు చెప్పకుండా మీ అక్క తుమ్మనైనా తుమ్మదు. దుకాణం ఎవడికి అమ్మింది?"

"నన్నడుగుతావేంటి బావా? గుర్రాల కాళ్ళ దగ్గర కూర్చునేవాణ్ణి. మొహాల మీద ఏం జరుగుతోందో నాకెలా తెలుస్తుంది?"

"వెటకారమా?"

"పొద్దున్నే వెటకారానికి ఓపికేది? టీ ఇంకా గొంతు దిగలేదు."

ఆమె గ్లాసు తెచ్చి భర్త చేతికిచ్చింది. అతను తీసుకోలేదు. కిటికీ గట్టు మీద పెట్టింది.

"దుకాణం నాది. నా చేత్తో పెట్టాను, నా చేత్తో తీసేశాను. మీరు గుర్రాలు అమ్మేటప్పుడు నన్నడిగి అమ్మారా?"

"గుర్రం వేరు. కూడు పెట్టే దుకాణం వేరు."

"అబ్బో! కూడు పెట్టింది ఏదో ఇన్నాళ్ళకి తెలిసిందన్నమాట."

తమ్ముడికి పొలమారింది. దగ్గుతూ గోడవైపు తిరిగాడు. ఆ దగ్గులో నవ్వెంతో, టీ ఎంతో దేవుడికే తెలియాలి.

దొర మెడలో దుర్భిణి ఊగుతోంది. ఇంట్లో కూడా తీయడు. కళ్ళజోడు మర్చిపోతాడు, చెప్పులు మర్చిపోతాడు, అది మాత్రం మర్చిపోడు. దాని వల్లే ఆ పేరొచ్చింది. డబ్బున్నప్పుడు మైదానంలో అందరూ 'దుర్భిణి దొర' అనేవాళ్ళు. ఈమధ్య 'దొర' రాలిపోయింది. 'ఒరేయ్, దుర్భిణి వస్తున్నాడ్రా' అంటున్నారు. ఆ తేడా ఆమె చెవినా పడింది. విననట్టు నటించడం ఆమెకి బాగా అలవాటు.

గోడల మీద చదరాలు చదరాలుగా తెల్లటి మచ్చలు. ఒక్కో మచ్చ ఒక్కో ఫోటో. గెలిచిన గుర్రం, పక్కన దొర, చేతిలో వెండి గిన్నె. చట్రాలు వెండివి కాబట్టి చట్రాలతో సహా పోయాయి. మచ్చల్ని కొనేవాడు లేక అవి మిగిలాయి.

ఒకప్పుడు ఈ మనిషి బస్సు కండక్టరు. మైదానం గేటు దగ్గర ఆగే చివరి బస్సు అతనిది. గెలిచినవాడు ట్యాక్సీలో పోతాడు, ఓడినవాడే కదా బస్సెక్కేది! టిక్కెట్టు చింపి ఇస్తూ ఆ ఓడినవాళ్ళ ఏడుపులన్నీ విన్నాడు. ఏ గుర్రం ఎందుకు ఓడిందో, ఏ జాకీ కళ్ళెం ఎక్కడ లాగాడో, ఎవరు ఎవర్ని ముంచారో, అన్నీ. వేరేవాళ్ళు పుస్తకాలు చదివి నేర్చుకున్నది ఇతను జనం కన్నీళ్ళు చదివి నేర్చుకున్నాడు.

తర్వాత నల్లది వచ్చింది. పెద్దింటివాళ్ళు పనికిరాదని వదిలేసిన ఆడగుర్రం. పాత సైకిలు కొన్నట్టు కొన్నాడు. దానికి ఏ రోగమూ లేదు. రోగం ఉందని నలుగురూ అనుకుంటే చాలని అతనికి తోచింది.

"నాలుగు పట్టీలు కుట్టి పెట్టవే," అన్నాడు ఆ రోజు. "కాలికి కట్టేవి. ఎంత పరిగెత్తినా ఊడకూడదు."

ఆమె కుట్టింది. చివర పోగులు విడిపోకుండా రెండు వరసల కుట్టు వేసింది. శుభ్రంగా ఉన్న కాలికి కట్టు కట్టి నల్లదాన్ని మైదానంలో తిప్పాడు. కట్టు చూసి అందరూ పెదవి విరిచారు. కుంటి గుర్రం మీద పందెం ఎవడు కాస్తాడు? ఒక్కడే కాశాడు. కండక్టరు జీతం, ఆమె కుట్టుకూలి, మొత్తం ఊడ్చి దాని మీదే పెట్టాడు.

ఆ సాయంత్రం ట్యాక్సీలో ఇంటికొచ్చాడు. ఇద్దరూ మంచం మీద కూర్చుని పిచ్చివాళ్ళలా నవ్వారు. ఆమె కూడా నవ్వింది. అబద్ధం ఎందుకు, అతనికంటే గట్టిగా ఆమే నవ్వింది.

మళ్ళీ మళ్ళీ అదే కట్టు. జనం కనిపెట్టేసరికి ఈ మేడ లేచింది, కారొచ్చింది, మైదానంలో పై మెట్ల మీద మెత్తటి కుర్చీ వచ్చింది. పందేల లోకం ఎలాంటిదో చెప్పనా? పైన నీడలో కూర్చుని పోగొట్టుకుంటే దాని పేరు సరదా. కింద ఎండలో నిలబడి పోగొట్టుకుంటే దాని పేరు జూదం. కిందవాడు పైకెక్కితే చప్పట్లు కొడతారు. జారి పడితే 'వాడి బుద్ధే అంత' అంటారు. నిచ్చెన వేసినవాడి జోలికి ఎవడూ పోడు. వాడు మాత్రం రోజూ గేటు దగ్గర టిక్కెట్లు అమ్ముకుంటూనే ఉంటాడు.

పైకెక్కాక దొర జనం మాట వినడం మానేశాడు. దుర్భిణిలోంచి చూడటం మొదలుపెట్టాడు. దూరపు కొండలు నునుపంటారు. దుర్భిణి పెట్టి చూస్తే మరీ నునుపు. కొన్న గుర్రాలు మేశాయి, గెలవలేదు. ఒక్కోటీ పోయింది. కారు పోయింది. సోఫాలు, చట్రాలు. చివరికి ఎర్రది ఒక్కటే మిగిలింది.

ఆ ఎర్రది కూడా మొన్న పోయింది.

"మిషన్ల మాట వదిలెయ్," తమ్ముడు గ్లాసు కింద పెట్టాడు. "ఎర్రదాన్ని అమ్మకప్పందెంలో ఎందుకు దింపావు బావా? అది చెప్పు ముందు. మైదానమంతా అదే మాట."

అమ్మకప్పందెం అంటే మైదానంలో అడుగు రకం. అందులో పరిగెత్తే ప్రతి గుర్రానికీ ముందే ధర కట్టి ఉంటుంది. కావాల్సినవాడు పందెం మొదలుకాకముందే డబ్బు కట్టి చీటీ వెయ్యాలి. పందెం అయ్యాక గుర్రం వాడిది. గెలిచినా వాడిదే, ఓడినా వాడిదే, అక్కడికక్కడే కూలిపోయినా వాడిదే.

"అవసరమొచ్చింది, దింపాను."

"ఎర్రది మీ అమ్మాయి ప్రాణం కదా. పిల్లగా ఉన్నప్పట్నుంచీ దాన్ని తిప్పింది అమ్మాయే. ఒక్క మాటైనా చెప్పాల్సింది."

"చెప్తే ఒప్పుకుంటుందా?"

"ఒప్పుకోదు."

"అందుకే చెప్పలేదు."

ఎర్రది చేయి మారిన సాయంత్రం నుంచీ కూతురు తండ్రితో మాట్లాడటం లేదు. ఎదురుపడితే పక్కకి తప్పుకుంటోంది. అరిచినా బాగుండేది. పిల్ల అరిస్తే తండ్రికి బదులు చెప్పే వీలుంటుంది. ఊరుకుంటే ఏం చెయ్యాలి? ఈ ఇంట్లో అందరికీ తెలిసిన శిక్ష ఇదొక్కటే. తల్లి దగ్గరే నేర్చుకుంది.

"ఆ డబ్బేది?" ఆమె అడిగింది.

దొర కిటికీ వైపు తిరిగాడు.

"గుర్రం డబ్బు చేతికొచ్చిందిగా. ఏది?"

"అదే రోజు ఆఖరి పందెంలో..."

"ఊఁ."

"రావాల్సిందేనే! మెడంత తేడాలో పోయింది. ఆ జాకీగాడు చివర్లో..."

"ఊఁ."

ఆ రెండు ఊఁ-లు విన్న తమ్ముడు లేచి నిలబడ్డాడు. అక్క అలా అంటే తర్వాత ఏదో ఒకటి పగులుతుందని అతనికి చిన్నప్పట్నుంచీ తెలుసు.

కానీ ఆమె ఏమీ పగలగొట్టలేదు. చేతుల్ని కొంగుకి తుడుచుకుంది. ముఖంలో చిన్న వెలుగు. ఇన్ని రోజులూ నోట్లో బెల్లం ముక్క దాచుకున్నట్టు దాచుకుంది ఈ మాటని. సాయంత్రం కూతురు నవ్వుతూ ఇంటికొచ్చాక చెబుదామనుకుంది. ఆగలేకపోయింది.

"ఎర్రది పరాయివాళ్ళ చేతికి పోలేదు. నేను కొన్నాను."

దొర తిరిగి చూశాడు.

"ఏంటి?"

"పందెం జాబితాలో దాని పేరు పడగానే దుకాణం అమ్మి, తమ్ముడి పేర చీటీ వేయించాను. మీరు మీ గుర్రాన్ని బజార్లో పెట్టారు. బజార్లో పెట్టిందాన్ని ఎవరైనా కొనొచ్చుగా? నేను కొన్నాను. ఇక అది మీది కాదు. ఏ పందెంలోనూ పెట్టలేరు, ఎవరికీ అమ్మలేరు. అది అమ్మాయిది."

అతను తల దించి మెడలోని దుర్భిణి పట్టుకున్నాడు.

సిగ్గుపడ్డాడనుకుంది ఆమె. పెళ్ళయినప్పట్నుంచీ ఈ మనిషి సిగ్గుపడటం ఒక్కసారి చూడాలనుకుంది. చూస్తున్నాననుకుంది.

"అందరూ కట్టు చూసి వెనక్కి తగ్గారు," తమ్ముడికి హుషారొచ్చింది. "ముందు కాలికి కట్టు కట్టి దింపావుగా. చూసి అక్క ఏమందో తెలుసా? 'ఆ కట్టు కుట్టింది నేనేరా. దాని కింద ఏముంటుందో నాకు తెలీదా? మీ బావ పాత నాటకం ఇది. ఎవరూ కొనకుండా భయపెడుతున్నాడు. గుర్రం రాయిలా ఉంటుంది, పోయి చీటీ వెయ్' అంది. బావా, ఊరంతటినీ బోల్తా కొట్టించావు గానీ ఇంట్లో మనిషిని కొట్టించలేకపోయావు!"

అతను నవ్వాడు. నవ్వింది అతనొక్కడే.

దొర గట్టు మీది గ్లాసు అందుకోబోయాడు. గ్లాసు పడింది. టీ గోడ పొడుగునా జారింది. ఎవరూ తుడవలేదు.

"అమ్మాయేది?" అన్నాడు.

"మైదానంలో. ఇవాళ దాని పరీక్ష. జాకీ లైసెన్సుకి. మీకు చెప్తే దాని మీద కూడా పందెం కాస్తారని చెప్పలేదు."

"ఏ గుర్రం మీద?"

"ఏ గుర్రమేంటి? ఎర్రదాని మీదే."

"నడిపిస్తారా, దౌడు తీయిస్తారా?"

"పరీక్షంటే దౌడే కదండీ. చివరి మలుపు నుంచి పూర్తి వేగంలో..."

"వద్దు," అన్నాడు. "వద్దు, వద్దు. దాన్ని దౌడు తీయించకూడదు."

"ఎందుకు?"

"కట్టు అబద్ధం కాదు."

ఆమెకి అర్థం కాలేదు. అర్థం చేసుకోవడం ఇష్టం లేక కాదు. ఇన్నేళ్ళలో ఈ మనిషి కట్టిన కట్టు ఒక్కటీ నిజం కాలేదు.

"ఈసారి నిజంగానే కట్టానే! ఎముకలో పగులుంది. వెంట్రుకంత. పక్కూరి పశువుల డాక్టరుకి రహస్యంగా చూపించాను. నడిస్తే తెలీదు. పరుగులాంటి నడకలో కూడా తెలీదు. పూర్తి వేగంలో పెడితే పుల్ల విరిగినట్టు విరుగుతుందన్నాడు."

"మరి పందెంలో పరిగెత్తించారుగా?"

"నొప్పి తెలియకుండా సూది వేయించాను. తొందరపెట్టొద్దని జాకీకి చెప్పాను. వెనక పడి వచ్చింది. నాక్కావాల్సింది గెలుపు కాదు, కొనేవాడు. మైదానంలో ప్రతివాడూ నన్ను దొంగనుకుంటాడు కదా. దుర్భిణి కట్టు కట్టాడంటే గుర్రం బాగున్నట్టేనని ఎవడో ఒక తెలివైనవాడు కొంటాడనుకున్నాను."

కొన్నారు. ఊరంతటికీ వల వేశాడు. ఇంట్లో చేప పడింది.

తమ్ముడి ముఖం నెత్తురు పీల్చేసినట్టయింది. "నిన్ననే లాడాలు మార్చాను బావా. కాలు నా ఒళ్ళో పెట్టుకునే మార్చాను. అక్క అంత గట్టిగా చెప్పాక కట్టు విప్పి చూడటమెందుకని వదిలేశాను. విప్పినా నా చదువు గిట్ట వరకే. ఎముకలో ఉన్నది నీకు తెలుసు. నీకొక్కడికే తెలుసు!"

ఆమె అప్పటికే మెట్లు దిగుతోంది.

*

తమ్ముడి వ్యాన్లో ఇనుము సాగగొట్టే దాగలి, సుత్తులు, లాడాల డబ్బా. ప్రతి గతుక్కీ అన్నీ కలిసి మోగుతున్నాయి. ముగ్గురూ ముందు సీట్లో ఇరుక్కున్నారు. మైదానం పక్క వీధే. ఆ పక్క వీధి ఇంత దూరమని ఆమెకి ఎప్పుడూ తెలీదు.

దారిలో దొర అన్నాడు, "నువ్వు కొంటావని నేనెలా అనుకుంటానే?"

ఆమె రోడ్డు వంకే చూసింది. ఎవరు కొన్నా ఎవరి పిల్లో ఒకరు దాని మీద ఎక్కేవాళ్ళే కదా అనుకుంది. అనుకుని, నల్లదాని రోజుల్లో తనకి ఈ ఆలోచన ఎందుకు రాలేదో అని కూడా అనుకుంది.

మైదానంలో గడ్డి ఇంకా తడిగా ఉంది. తెల్లటి కంచె పొడుగునా గుర్రాల వాళ్ళు, చేతుల్లో పరుగు వేగం కొలిచే గడియారాలు. కంచె మధ్యలో బల్ల వేసుకుని పరీక్ష అధికారి, పక్కన ఎర్ర జెండా పట్టుకుని ఒక మనిషి. ఏదైనా ప్రమాదమొస్తే జెండా ఊపుతారు. అది చూస్తే ఎంత వేగంలో ఉన్న రౌతైనా గుర్రాన్ని ఆపాల్సిందే.

అవతలి వైపు నుంచి ఎర్రది వస్తోంది. ఇంకా పూర్తి వేగం అందుకోలేదు. వీపు మీద కూతురు వంగి కూర్చుంది. ఒంటి మీద పసుపు చొక్కా, ఆకుపచ్చ చేతులు. దుకాణంలో ఆమె కుట్టిన ఆఖరి చొక్కా అది. ముందు కాలికి తెల్లటి కట్టు.

ఎర్రదాన్ని ఎవరైనా అడిగారా, పరిగెడతావా అని? గెలిస్తే నీకేం కావాలని అడిగారా? దాని ఎముక మీద ఒకడు మేడ కడతాడు, ఒకడు లైసెన్సు తెచ్చుకుంటాడు, ఒకడు చప్పట్లు కొట్టి ఇంటికి పోతాడు. దానికి తెలిసిందల్లా వీపు మీద ఉన్నది తన పిల్ల అని. పిల్ల అడిగితే పరిగెత్తుతుంది. కాలు లేకపోయినా పరిగెత్తేదే.

"పోండి, చెప్పండి!" ఆమె భర్తని ముందుకి తోసింది. "జెండా ఎత్తమనండి!"

దొర బల్ల దగ్గరికి పోయాడు. పరీక్ష అధికారి తలెత్తి చూసి లేచి నిలబడ్డాడు. పాతకాలం మనిషి. మర్యాద తెలిసినవాడు.

"రండి దొరగారూ! అమ్మాయి పరీక్ష చూడ్డానికొచ్చారా? బాగా కూర్చుంటోంది గుర్రం మీద. మీ పేరు నిలబెడుతుంది."

దొరగారూ.

ఆ మాట విని ఎన్నాళ్ళయిందో. చుట్టూ నలుగురు తిరిగి చూశారు. దొర వెన్ను తనకు తెలియకుండానే నిటారయింది.

"అది కాదు... కొంచెం ఆపాలి," అన్నాడు.

"ఎందుకండీ?"

"గుర్రం కొంచెం..."

"కొంచెం ఏమిటి దొరగారూ? కారణం చెప్పాలి. మధ్యలో ఆపితే అమ్మాయి పరీక్ష పోతుంది. ఊరికే ఆపలేను."

కారణం ఒక్క ముక్కే. కాలెముక పగిలిన గుర్రమని తెలిసి, సూది వేయించి, అమ్మేశాను. ఆ ముక్క నోరు దాటితే ఇక ఈ గేటు లోపలికి జన్మలో రానివ్వరు. పై మెట్ల మీద కాదు కదా, కింద ఎండలో కూడా నిలబడనివ్వరు.

ఎర్రది మలుపు తిరుగుతోంది.

ఆమె భర్త నోటి వంకే చూస్తోంది. పెదవులు కదిలాయి. మూతబడ్డాయి. అతని చెయ్యి పైకి లేచింది. జెండా వైపు పోతుందనుకుంది.

చెయ్యి దుర్భిణి అందుకుంది. కళ్ళకి పెట్టుకున్నాడు.

"చూస్తావేంటి!" ఆమె అరిచింది. "ఇంకా ఏం చూస్తావు నువ్వు!"

కాపురానికొచ్చిన ఇన్నేళ్ళలో భర్తని 'నువ్వు' అనడం అదే మొదటిసారి. అతను గమనించలేదు. ఆమె కూడా గమనించలేదు.

జెండా మనిషి చేతిలోంచి కర్ర లాగేసుకుంది. బరువుగా ఉంది. కంచె మీదికి వంగి, రెండు చేతుల్తో, గుడ్డ దులిపినట్టు దులిపింది.

"ఆపవే! అమ్మా, ఆపవే! కాలు బాగాలేదు, ఆపు!"

కూతురు చూసింది. ముందు జెండా, తర్వాత జెండా పట్టుకున్నదెవరో. ఒక్క క్షణం ముఖంలో కోపం లేచింది. పరీక్ష పోయిందన్న కోపం. అయినా నేర్చుకున్న చదువు చేతుల్లో ఉంది. వెనక్కి వాలి కళ్ళెం కొంచెం కొంచెంగా బిగించింది. ఎర్రది ఆగడానికి ఇష్టపడలేదు. తల విదిలించింది. నాలుగు గంతులు వేసింది. ఐదోది వెయ్యలేకపోయింది.

విరిగిన చప్పుడు ఆమెకి వినబడలేదు. వినబడిందో, జెండా గుడ్డ చప్పుడో.

కూతురు దూకింది. నిలబడింది. పిల్ల నిలబడింది! ఎర్రది మూడు కాళ్ళ మీద నిలబడి, నాలుగో కాలి గిట్ట కొస మాత్రం గడ్డికి తాకించి, పిల్ల భుజం మీద ముక్కు పెట్టింది.

అధికారి గొంతులో మర్యాద పోయింది. "ఈ గుర్రం ఎవరిది? ఇలాంటి కాలుతో గుర్రాన్ని పరీక్షకి ఎవరు తెచ్చారు?"

బల్ల మీది చీటీల కట్ట అందుకున్నాడు.

"చీటీలో యజమాని పేరుంటుంది. నేను చూడనా, మీరే చెప్తారా?"

తమ్ముడు తోలు గుడ్డ విప్పి చేతిలో పట్టుకున్నాడు. మైదానంలో పని చెయ్యాలంటే అధికారి దయ కావాలి. అది పోతే అతనికి దాగలీ లేదు, సుత్తీ లేదు, నలుగురి ఇల్లు గడవదు.

"నాదేనండి," అన్నాడు.

ఆమె భర్త వైపు తిరిగింది. ఇప్పుడైనా. ఒక్క మాట. బావమరిది మీద పడబోయేదాన్ని ఒక్క మాటతో ఆపొచ్చు.

అతను ఇంకా దుర్భిణిలోంచే చూస్తున్నాడు. గుర్రం దూరంగా లేదు. రాయి విసిరితే తగిలేంత దగ్గర్లో ఉంది. అయినా కళ్ళ మీంచి దించలేదు. అద్దాల కింద నుంచి చెంపల మీదుగా నీళ్ళు కారి గడ్డం చివర ఆగాయి.

"నాదేనండి," తమ్ముడు మళ్ళీ అన్నాడు, వినబడలేదేమోనని.

కూతురు గడ్డిలో కూర్చుని కట్టు విప్పుతోంది. చుట్టు తర్వాత చుట్టు. చివరి చుట్టు విప్పి, కింద ఉన్నది చూసింది. తర్వాత కంచె దాటి వచ్చిన మావయ్య చేతిలో కళ్ళెం పెట్టి, పట్టీ పట్టుకుని కంచె దగ్గరికి నడిచి వచ్చింది.

తండ్రి ముందు ఆగలేదు. అతను అక్కడ ఉన్నట్టే చూడలేదు. తిన్నగా తల్లి దగ్గరికి వచ్చింది.

"అమ్మా."

"దెబ్బ తగిలిందా తల్లీ? ఏదీ, చెయ్యి చూపించు..."

"చెయ్యి బాగానే ఉంది. ఇది చూడు." పట్టీ చివర వేళ్ళతో పట్టుకుని ఎత్తింది. "కాలికి ఏమీ లేకపోతే కట్టెందుకని అడిగాను నిన్న. ఊరికేలే, విప్పకు, మీ నాన్న నాటకమది అన్నావు. నువ్వన్నావని విప్పలేదు."

"నాకు తెలీదే..."

"ఈ కుట్టు నీదే కదమ్మా?"

ఆమె పట్టీ చేతిలోకి తీసుకుంది.

పట్టీ అంతా చెమటకి తడిసి, నలిగి, మట్టి పట్టింది. చివరి రెండు వరసల కుట్టు మాత్రం ఒక్క పోగు కూడా ఊడలేదు.